దేవుడి బియ్యంలో బంగారు పురుగు

మొన్న వానాకాలంలో ఒక శనివారం పొద్దున్నే మా బందరు ఇంట్లో వంటగది గట్టు మీదున్న జీలకర్ర డబ్బా మూత తీశాను. అందులో జీలకర్ర లేదు. పసుపుపచ్చటి దూది ఉండల్లాంటి తుమ్మ పూలు గుప్పెడు, వాటి మధ్య చింతగింజంత పురుగు ఒకటి ఉన్నాయి. మూతకి ఎవరో సూదితో బెజ్జాలు కూడా పొడిచారు. పదేళ్లుగా గీత పడకుండా వాడుకుంటున్న డబ్బా అది. మా మనవరాలు కృపని కేకేశాను. కృప డిగ్రీలో పురుగుల గురించీ జంతువుల గురించీ చదువుతోంది. పూలు తిని బతికే బంగారు పురుగుల మీద ఏదో రాసి తెమ్మన్నారట, కోడూరు అవతల కరకట్ట మీద నాలుగు తుమ్మచెట్లు మిగిలి ఉన్నాయని ఎవరో చెబితే స్నేహితురాలి బండి ఎక్కి వెళ్లి పట్టుకొచ్చిందట. గట్టిగా నాలుగు చీవాట్లు పెడదామని నోరు తెరిచాను. ఈలోపు ఆ పూల వాసన, కాస్త తేనె, కాస్త తడిసిన మట్టి కలిసినట్టుండే ఆ వాసన ముక్కుకి తగిలి, తెరిచిన నోరు అలాగే ఉండిపోయింది.

"ఈ పురుగు నీకు తెలుసా నానమ్మా?" అంది కృప.

"తెలియకేం. దీనివల్లే మా నాయనమ్మకి చర్చిలో పరువు పోయింది" అన్నాను.

అదేంటో రాసిపెట్టమని తన పాత నోటుపుస్తకాల్లో మిగిలిపోయిన తెల్ల కాగితాలు చింపి ఇచ్చింది. నేను చదివింది అయిదో తరగతి దాకానే. అయినా అన్ని తెల్ల కాగితాలు ఊరికే పారేస్తుంటే చూడలేక రాస్తున్నాను.

మాది బంటుమిల్లి దగ్గర ఒక పల్లె. పంట కాలవకి అటు పక్క ఆసాముల ఇళ్లు, ఇటు పక్క మావి, మధ్యలో రెండు తాటిపట్టెలు కలిపి వేసిన వంతెన, దాని మీద నడవడం వచ్చిన పిల్ల మా ఊళ్లో పెద్దపిల్లకింద లెక్క. తొలకరికి కాలవకి నీళ్లు వదిలేవారు. ఆ మొదటి నీళ్లు ఎర్రగా, నురగలు కక్కుతూ, ఎండుటాకుల్నీ ఏడాది చెత్తనీ ముందుకి తోసుకుంటూ వస్తుంటే పిల్లలం గట్టు మీద వాటితో పోటీపడి పరిగెత్తేవాళ్లం. ఊడ్పులకి వెళ్లిన అమ్మ సాయంత్రం తిరిగొస్తే ఆమెతోపాటే నారు వాసన, బురద వాసన, జలగ కరిచిన చోట రాసుకున్న సున్నం వాసన ఇంట్లోకి వచ్చేవి, కాసేపటికి పొయ్యి మీద గోంగూరలో ఎండు రొయ్యలు పడితే ఆ వాసన ముందు మిగిలినవన్నీ తోక ముడిచి పారిపోయేవి.

కాలవ గట్టు పొడుగునా నల్లతుమ్మ చెట్లుండేవి. నాలుగు వానలు పడ్డాక అవి పూసేవి. ఆ పూలకి ఏం అందం ఉందని ఎవరూ తలలో పెట్టుకునేవారు కాదు, ముళ్లకి భయపడి ఎవరూ కోసేవారూ కాదు, దాంతో అవన్నీ బంగారు పురుగులకే దక్కేవి. బంగారు పురుగు అని మేం పేరు పెట్టుకున్నాం గానీ దాని వీపు నెమలి మెడలా పచ్చగా ఉండేది, కాస్త పక్కకి తిప్పితే రాగి చెంబు రంగు, ఇంకాస్త తిప్పితే వంకాయ రంగు. ఆకు ముట్టదు, బెరడు ముట్టదు. పువ్వు మీద కూర్చుని, మొహమంతా పసుపు పూసుకుని, ఆ పొడే మేసేది. పొద్దెక్కితే దొరకదు గానీ తెల్లారగట్ల మంచుకి రెక్కలు తడిసి ఉన్నప్పుడు వేలు పెడితే చాలు, కాళ్లు ముడుచుకుని చచ్చినట్టు పడిపోయేది. ఊడ్పులకి పిలుపు వచ్చిన రోజున మా చిన్నాన్న కూడా అచ్చం అలాగే పడుకునేవాడు.

పురుగుని పట్టడం ఎవరికైనా వచ్చు. ఉంచుకోవడమే కష్టం. దానికి అగ్గిపెట్టె కావాలి. కాలవకి అటు పక్క ఉండే నాంచారు నా జతగత్తె. వాళ్ల నాన్న పొద్దస్తమానం చుట్ట కాల్చేవాడు కాబట్టి వాళ్లింట్లో ఖాళీ అగ్గిపెట్టెలు కుప్పలు. మా ఇంట్లో చుట్ట కాల్చేవాళ్లు లేరు, పైగా మా నాయనమ్మ అగ్గిపుల్లని బ్లేడుతో నిలువునా రెండుగా చీల్చి వాడేది. అదీ ముసురు పట్టి పక్కింట్లో నిప్పు దొరకని రోజున మాత్రమే. ఇప్పుడు ఒకే పుల్లతో రెండు పొయ్యిలూ వెలిగిస్తే మా కోడలు నన్ను చూసి నవ్వుతుంది. మా నాయనమ్మ చేతి కింద ఒక్క వారం ఉండి ఉంటే ఆ నవ్వు కూడా పొదుపుగా వాడేది.

"మీ అగ్గిపెట్టె ఖాళీ అయ్యేలోపు నీకు పెళ్లైపోద్దే సువార్తా" అనేది నాంచారు. ఒక పెట్టె ఇవ్వవే అని అడిగితే ఇచ్చేదే, కానీ అడిగితే కదా. ఇంట్లో ఖాళీ పెంకం మాడినా సరే, నిప్పు తప్ప ఇంకేదీ పక్కవాళ్లని చెయ్యి చాపి అడక్కూడదని పెంచారు మమ్మల్ని.

మొదటి పురుగుని కొబ్బరి చిప్పలో పెట్టాను, కోడి తిన్నది. రెండోదాన్ని జామాకులో చుట్టి చూరులో దోపాను, చీమలు మోసుకుపోయాయి. మూడోది దొరికింది చూడండి, అలాంటిది నాంచారు దగ్గర కూడా లేదు. వేలి మీద పెట్టుకుంటే దిగేది కాదు, తుమ్మ పువ్వు చూపిస్తే తలెత్తి మీసాలు కదిపేది. పనీపాటూ లేకుండా పట్టుబట్టలు కట్టుకుని కూర్చుని తింటుంది కాబట్టి దానికి జమీందారు అని పేరు పెట్టాను. దీన్ని మాత్రం పోగొట్టుకోకూడదనుకున్నాను. నాకు ఎనిమిదేళ్లు, నాది అని చెప్పుకోవడానికి ఆ ఇంట్లో వేరే ఏమీ లేదు. పలక చిన్నాన్నది, గౌను నాన్న పాత చొక్కా.

ఎలుకా కోడీ చీమా దూరని చోటు మా ఇంట్లో ఒక్కటే ఉంది. దేవుడి బియ్యం డబ్బా.

ఈ కాలంవాళ్లకి చెప్పాలి. మా వాళ్లలో అన్నం వండే ప్రతిసారీ ఎసట్లో పోయబోయే బియ్యంలోంచి ఒక పిడికెడు తీసి దేవుడికని పక్కన పెట్టేవారు. ఇంట్లో చాలినా చాలకపోయినా ఆ పిడికెడు ఆగేది కాదు. ఆదివారం అందరూ ఎవరి డబ్బా వాళ్లు తెచ్చి చర్చిలో చాప మీద పోస్తే ఆ బియ్యం ఊళ్లో దిక్కులేనివాళ్లకి వెళ్లేవి. మా నాయనమ్మ డబ్బా బిగుతైన మూతున్న పాత రేకు డబ్బా. మూత తీస్తే వేసిన చెయ్యే మళ్లీ తీసుకునే ప్రమాదం ఉందని, మూత మధ్యలో పిడికిలి ఆనేంత, లోపలికి దూరనంత కంత కోయించి, ఆ కంతలో ఒక గుడ్డ పేలిక కుక్కి ఉంచేది. పేలిక తియ్యడం, పిడికెడు వెయ్యడం, మళ్లీ కుక్కడం. లోపలికి తొంగి చూసేది కాదు. దేవుడికి ఇచ్చింది ఎంతైందో చూసుకోవడం గర్వం అనేది. వారానికి ఒక్కసారి, ఆదివారం, చర్చిలోనే మూత తీసేది.

సోమవారం పొద్దున్న ఆవిడ రేవుకి వెళ్లినప్పుడు గరిటె కాడతో మూత లేపి జమీందారుని లోపల పెట్టాను. రోజూ బడికి వెళ్లేముందు పేలిక తీసి, కంతలోంచి నాలుగు పూలు వేసి, ఒక కన్ను మూసుకుని చూసేదాన్ని. బియ్యం గుట్ట మీద పూల మధ్య నిజంగానే జమీందారులా ఉండేవాడు. శనివారం సాయంత్రం బయటికి తీసేసి, సోమవారం మళ్లీ పెట్టాలని నా ఆలోచన.

గురువారం నాయనమ్మ డబ్బా దగ్గర ముక్కు పెట్టి వాసన చూసింది. "ఈ వారం బియ్యం కమ్మగా వాసనేస్తున్నాయే" అని అమ్మతో చెప్పి, ఆ సాయంత్రమే నాలుగిళ్లు తిరిగి, మనస్ఫూర్తిగా వేస్తే దేవుడి బియ్యానికి వాసన కూడా వస్తుందని చాటుకుని వచ్చింది.

చాటుకోవడానికి ఆవిడకి హక్కుంది. మా చర్చి ఆడవాళ్లకి ఆవిడే పెద్ద. చర్చిలోకి రాకముందటి పాత అలవాట్లు ఎవరింట్లో మిగిలి ఉన్నా గోడ అవతల నుంచే పసిగట్టేది. తిరగలి మీద కుంకం మరక ఉందని ఒకావిడ చేత మూడుసార్లు కడిగించింది. అంతకుముందు నెలలోనే మా పక్కింటి సమాధానమ్మ పిన్ని, నాంచారు అక్క పెళ్లికి వెళ్లి, అందరితోపాటు చేతిలో అక్షింతలు పట్టుకుని నిలబడిందని చర్చిలో నిలదీసింది. ఎవరో చేతిలో పోశారు అక్కా, ఎక్కడ పారబోయాలో తెలియక పట్టుకున్నాను, అని పిన్ని చెబుతూనే ఉంది. పసుపు బియ్యం చేతిలో కనిపించాక ఇంక మాటలెందుకు అంది నాయనమ్మ. పిన్ని మూడు ఆదివారాలు వెనక చాప మీద కూర్చుంది. మా చర్చిలో వెనక చాప అంటే గోడవారగా, తలుపు గాలికి దుమ్ము కొట్టే చోట, ఎవరూ పలకరించకుండా కూర్చోవడం.

శనివారం నేను రేవులో బట్టలు జాడించి వచ్చేసరికి పొయ్యి పక్కన డబ్బా లేదు. మర్నాడు బందరు నుంచి పాస్టరు అయ్యగారు వచ్చే ఆదివారమట. నెలకొకసారి ఆయన వచ్చేముందు ఆడవాళ్లు చర్చి అలికి, చాపలు పరిచి, తాళం వేసేవారు. వెళ్తూ వెళ్తూ నాయనమ్మ డబ్బా కూడా తీసుకెళ్లి లోపల పెట్టేసింది. తాళంచెవి ఆవిడ బొడ్లో ఉంది. బొడ్లో తాళంచెవి ఎలా అడగాలో, అడిగితే ఎందుకని చెప్పాలో నాకు తోచలేదు. అన్నం తినలేదని అమ్మ నుదురు పట్టి చూసింది.

ఆదివారం అందరికంటే ముందు నాయనమ్మ లేచింది. తలకి ఆముదం, మొహానికి తడిగుడ్డ, ఒంటికి గంజి పెట్టిన తెల్ల చీర. అయ్యగారు సైకిలు దిగి, సంచిలోంచి తెల్లంగీ తీసి తొడుక్కున్నారు. పాటలు అయ్యాయి, ప్రార్థన అయ్యింది, కానుకలకి పిలిచారు. ఎప్పటిలాగే మా నాయనమ్మ ముందు. బియ్యం కొలిచే ఇత్తడి సోల పట్టుకుని చాప పక్కన నిలబడ్డది, అదే వారం వెనక చాప మీద నుంచి ముందుకి వచ్చిన సమాధానమ్మ పిన్ని.

నాయనమ్మ గరిటె కాడతో మూత లేపి, కళ్లు మూసుకుని, డబ్బా బోర్లించింది.

తెల్ల బియ్యం పడాల్సిన చోట పసుపుపచ్చటి బియ్యం పడ్డాయి. ఆరు రోజుల తుమ్మ పూలు, వాటి తడి, వాటి పొడి, జమీందారు నడిచిన నడక, అన్నీ కలిసి బియ్యాన్ని పసుపు కలిపినట్టు చేసేశాయి. వాటి మీద వాడిన పూలు రాలాయి. పూల మీద, కాళ్లు ముడుచుకుని, వీపు మెరుస్తూ, ఉంగరంలోంచి ఊడిపడ్డ పచ్చరాయిలాగా జమీందారు పడ్డాడు.

వెనక వరసలవాళ్లు కూడా చంటిపిల్లల్ని చంకనెత్తుకుని లేచి చూశారు.

"పసుపు బియ్యం, పూలు, రాయి" అంది సమాధానమ్మ పిన్ని మెల్లిగా. "ఇంట్లో పూజ బాగానే జరుగుతోందన్నమాట అక్కా."

కళ్లు తెరిచి నాయనమ్మ బియ్యం వైపు చూసింది, ఖాళీ డబ్బా వైపు చూసింది, తన చేతుల వైపు చూసుకుంది. ముందు వరసలో ఆడవాళ్లు చీరలు దగ్గరికి లాక్కుని కాస్త జరిగారు. గురువారం నాడు ఆ కమ్మటి వాసన గురించి విన్న నలుగురూ ఒకళ్ల మొహాలు ఒకళ్లు చూసుకున్నారు. అప్పుడు నాయనమ్మ, ఎవరూ చెప్పకుండానే, డబ్బా చంకన పెట్టుకుని, వరసల మధ్యలోంచి నడుచుకుంటూ వెళ్లి వెనక చాప మీద కూర్చుంది. పసుపు బియ్యం కనిపించాక ఇంక మాటలెందుకు అన్న మనిషి, ఆ మాట మీదే నిలబడింది.

నేను నోరు విప్పలేదు. ఇన్నేళ్ల తరవాత కూడా ఇది రాయడానికి చెయ్యి వెనకాడుతోంది. విప్పితే వీపు చిట్లుతుందని ఒక భయం, జమీందారు పోతాడని అంతకంటే పెద్ద భయం. చచ్చినట్టు పడి ఉండరా బాబూ, అందరూ వెళ్లాక వచ్చి తీసుకుంటాను, అని లోపల లోపల వాడికే ప్రార్థన చేస్తున్నాను. దేవుడి ఇంట్లో కూర్చుని పురుగుకి ప్రార్థన చేసిన దాన్ని నేను, శిక్ష మా నాయనమ్మకి పడింది.

ఆ రాయి ఏ పాటిదో చూద్దామని పిన్ని వంగి వేలు చాపింది. రాయి కాళ్లు చాపింది. పిన్ని కెవ్వుమని వెనక్కి గెంతి, ఇత్తడి సోల రెండు చేతులా పైకెత్తింది.

"కొట్టకు పిన్నీ, అది మా జమీందారు" అని అరిచాను.

అయ్యగారికి చూపు కాస్త తక్కువ. ఆయన గబగబా అంగీ సర్దుకుని వాకిలి వైపు తిరిగి, "ఏ జమీందారమ్మా, లోపలికి రమ్మనండి" అన్నారు.

ఆ తరవాత అంతా ఏడుస్తూ చెప్పేశాను. అగ్గిపెట్టె, కోడి, చీమలు, కంత, రోజుకి నాలుగు పూలు. అయ్యగారు కళ్లజోడు పెట్టుకుని చాప పక్కన గొంతుక్కూర్చున్నారు. జమీందారు ఆయన వేలెక్కి, తెల్లంగీ అంచు మీదుగా మోచేతి దాకా నడిచాడు, నడిచినంత మేరా పసుపు చారిక.

"ఏం తింటుందమ్మా ఇది?"

"తుమ్మ పూలండి."

"బియ్యం తినదా?"

"ముట్టదండి."

"అయితే దేవుడి సొమ్ము ఏమీ పోలేదు" అని ఆయన నవ్వారు. ఆయన నవ్వితే ముందు మగవాళ్ల వైపున అందరూ నవ్వారు, తరవాత ఆడవాళ్లు, చివరికి సోల పట్టుకున్న చేత్తోనే నోరు మూసుకుని పిన్ని కూడా నవ్వింది. పురుగుని తీసుకుని వెళ్లి కూర్చోమ్మా అన్నారు అయ్యగారు నాతో. నేను చెయ్యి చాపాను.

"కుదరదండి" అని వెనక చాప మీద నుంచి వినిపించింది. "అది కానుకలో పడిందండి. ఇంక ఆ పిల్లది కాదు."

"దేవుడు ఈ పురుగుని ఏం చేసుకుంటాడమ్మా" అన్నారాయన.

"ఏం చేసుకుంటాడో ఆయన ఇష్టమండి. ఇచ్చింది తీసుకోవడం మాత్రం మా ఇంట్లో లేదండి."

ఆరాధన అయ్యాక నాయనమ్మ జమీందారుని కొంగున వదులుగా ముడేసుకుని కాలవ గట్టుకి నడిచింది. వెనకాలే ముక్కు ఎగబీలుస్తూ నేను. బాగా పూసిన కొమ్మ వెతికి, పువ్వు మీద పెట్టింది. వాడు కాళ్లు ముడుచుకుని కింద గడ్డిలో పడ్డాడు. మళ్లీ పెట్టింది, మళ్లీ పడ్డాడు. మూడోసారి చేతిలోకి తీసుకుని, మా చిన్నాన్నని లేపే గొంతుతో, "లే, నటించింది చాలు" అంది. ఎండ వీపుకి తగిలిందో, ఆ గొంతుకే భయపడ్డాడో, రెక్కలు విప్పి కాలవ దాటి వెళ్లిపోయాడు. ఆ రెక్కల కింద ఎర్రటి రాగి రంగు ఉందని నేను అప్పుడే చూడటం.

కొడుతుందని నిలబడ్డాను. కొట్టలేదు. "నా కోసం నీకు నోరు రాలేదు, పురుగు కోసం వచ్చింది" అంది, అంతే. కొట్టి ఉంటే నాలుగు రోజుల్లో మరిచిపోయేదాన్ని. ఆవిడ ఆ మాట మాత్రం దాచుకుని, నా పెళ్లిలో మా అత్తగారికి కట్నకానుకల కంటే ముందు అప్పజెప్పింది.

పచ్చబడ్డ బియ్యం ఎవరికీ పనికిరావన్నారు. నాయనమ్మ మా తిండి బియ్యంలోంచి అంతకంత మంచి బియ్యం కొలిచి చర్చికి ఇచ్చి, ఆ పచ్చవి ఇంటికి తెచ్చి, నాలుగు నీళ్లు కడిగి వండింది. రెండు రోజులు గోంగూర పులుసులో కూడా తుమ్మ పువ్వు వాసనే. ఎవరూ వంక పెట్టలేదు, పెట్టే ధైర్యం లేదు.

వెనక చాప సంగతి చెప్పలేదు కదూ. తప్పు ఆవిడది కాదని తేలాక కూడా, అయ్యగారు వద్దని చెప్పినా, నాయనమ్మ మూడు ఆదివారాలూ అక్కడే కూర్చుంది. ఎందుకని ఎవరికీ చెప్పలేదు. పిన్నికి మాత్రం తెలిసినట్టుంది. మూడో ఆదివారం సమాధానమ్మ పిన్ని ముందు వరసలోంచి లేచి వచ్చి, "ఒక్కదానికి ఇంత చాప ఎందుకక్కా, జరుగు" అని పక్కనే కూలబడింది.

ఇదంతా చదివి కృప రెండు రోజులు నన్ను జమీందారిణి అని పిలిచింది. నేను మాత్రం పురుగుని పట్టుకున్న చోటే వదిలి రమ్మని పట్టుబట్టాను, మాట మీద నమ్మకం లేక బస్సెక్కి తోడు వెళ్లాను కూడా. అవనిగడ్డ దాటాక దారికి రెండు పక్కలా రొయ్యల చెరువులు, వాటి మీద చక్రాలు నీళ్లు చిలుకుతూ ఉన్నాయి. మా ఊరి కాలవ గట్టు కూడా ఇప్పుడు ఇంతే, లారీలు తిరగాలని తుమ్మలన్నీ కొట్టేశారు. కరకట్ట మీద ఆ నాలుగు చెట్లూ పూసి ఉన్నాయి. కృప డబ్బా మూత తీసి పురుగుని పువ్వు మీద పెడితే అది టప్పున గడ్డిలో పడింది. "చచ్చిపోయింది నానమ్మా" అని కృప మొహం వేలాడేసింది.

"లే, నటించింది చాలు" అన్నాను. గొంతు నాది కాదు. కృప కూడా లేచి నిలబడింది.

వచ్చేటప్పుడు రెండు పూలు కొంగున వేసుకొచ్చాను. ఇప్పటికీ పొయ్యి మీద ఎసరు పెట్టేముందు నేను ఒక పిడికెడు తీసి పెడతాను, మా చర్చిలో ఇంకెవరూ తియ్యరు, అందరూ డబ్బులే కవర్లలో వేస్తారు, పిల్లలైతే ఫోను చూపిస్తారు. ఆ బియ్యంలో ఈ రెండు పూలూ వేశాను. ఆదివారం తీసుకెళ్లి అయ్యగారి భార్యకి ఇస్తే, అక్కడక్కడా పచ్చబడ్డ గింజలు చూసి ఆ అమ్మాయి మెచ్చుకుంది.

"పురుగు పట్టకుండా పసుపు కలిపారా మామ్మగారూ? మంచి పని చేశారండి."

అవునమ్మా అన్నాను. అక్షింతలని ఉలిక్కిపడటానికి అక్కడ సమాధానమ్మ పిన్ని లేదు. డబ్బా చంకన పెట్టుకుని లేచి వెళ్లడానికి మా నాయనమ్మ లేదు. ఎందుకో ఒకసారి గోడ వైపు తిరిగి చూశాను. వెనక చాప కూడా లేదు, అన్నీ ప్లాస్టిక్ కుర్చీలే.